రక్తం ఆగింది, హీట్ ఆగలేదు: ఒక లాబ్రడార్ స్పే కేసు

"నిన్నటి నుంచి రక్తం రావడం లేదు డాక్టరుగారూ. హీట్ అయిపోయినట్టే. ఈ వారంలోనే ఆపరేషన్ పెట్టేయండి."

మిన్నిని టేబుల్ మీదికి ఎక్కిస్తూ దాన్ని పెంచుకుంటున్న ఆవిడ అన్న మొదటి మాట ఇది. ఆవిడ అడిగింది స్పే, అంటే పిల్లలు పుట్టకుండా ఆడకుక్క అండాశయాలు తీసేసే ఆపరేషన్. మిన్ని నల్ల లాబ్రడార్. వయసు 11 నెలలు, బరువు 23.8 కిలోలు. టీకాలన్నీ సకాలంలో పడ్డాయి, ఆరోగ్యంలో వంక పెట్టడానికి లేదు. ఇది తనకు మొదటి హీట్, అంటే ఎదకు రావడం. పక్కన నిలబడ్డ కొడుకు ఫోనులో క్యాలెండర్ తెరిచి చూపించాడు. మొదటి రక్తపు చుక్క కనబడిన రోజుకు ఎర్ర గుర్తు పెట్టి, అక్కడి నుంచి రోజులు లెక్కేసుకుంటూ వచ్చాడు. ఆ లెక్కన ఆ రోజు 11వది. ఈ కేసు మొత్తంలో నాకు అన్నిటికంటే ఎక్కువగా పనికొచ్చింది ఆ ఎర్ర గుర్తే.

మొదటి హీట్ దాకా ఆగుదామని వాళ్ళకు చెప్పింది నేనే. అయిదో నెలలో మిన్నికి పిల్లకుక్కల్లో వచ్చే యోనివాపు వచ్చింది. మానం, అంటే యోని బయటి భాగం, లోపలికి ముడుచుకుపోయి, చుట్టూ చర్మం మడతపడి, ఆ మడతలో ఎప్పుడూ తడి ఉండేది. ఇలాంటి పిల్లల్లో మొదటి హీట్‌లో ఈస్ట్రోజన్ అనే హార్మోను పెరిగినప్పుడు మానం కాస్త పెద్దదై బయటికి వస్తుంది, వాపు చాలాసార్లు దానంతట అదే తగ్గుతుంది. పైగా లాబ్రడార్ పెద్ద జాతి. ఎదుగుదల పూర్తికాకముందే స్పే చేస్తే కొన్ని పెద్ద జాతుల్లో కీళ్ళ సమస్యలు ఎక్కువగా కనబడుతున్నాయని కాలిఫోర్నియా యూనివర్సిటీ డేవిస్ క్యాంపస్ పరిశోధకులు చాలా ఏళ్ళ రికార్డులు చూసి చెప్పారు. 2020లో వాళ్ళు 35 జాతుల లెక్కలు ప్రచురించారు.

ఆగితే నష్టం లేదని కాదు. 1969లో వచ్చిన ఒక పాత అధ్యయనం ప్రకారం, స్పే చేయని కుక్కలతో పోలిస్తే, మొదటి హీట్‌కు ముందే స్పే చేసినవాటికి రొమ్ము గడ్డల ముప్పు 0.5 శాతమే. ఒక హీట్ తర్వాత చేస్తే అది 8 శాతం, రెండు హీట్ల తర్వాత 26 శాతం. ఆ లెక్కకు ఆధారం అంత గట్టిది కాదని 2012లో ఒక సమీక్ష తేల్చినా, రెండో హీట్ దాకా పోనివ్వకపోవడమే మేలని నేను ఇప్పటికీ అనుకుంటాను. అందుకే మిన్ని విషయంలో ఒప్పందం ఒక్కటే: ఒక హీట్ చూద్దాం, రెండోది రాకుండా ఆపరేషన్ చేద్దాం. ఆ మధ్యలో సరైన రోజు ఏదన్నదే ఈ కేసు.

11వ రోజు: టేబుల్ మీద

రక్తం ఆగిన మాట నిజమే. తెల్ల టిష్యూతో తుడిస్తే ఎరుపు లేదు. గడ్డి నీళ్ళలాంటి లేత పసుపు తడి అంటింది. మానం ఇంకా ఉబ్బే ఉంది, కానీ పట్టుకుంటే గట్టిగా లేదు, మెత్తబడింది. తోక మొదట్లో పక్కగా వేలితో తాకగానే మిన్ని కదలకుండా నిలబడిపోయి, తోకను ఒక పక్కకు తిప్పి పట్టుకుంది.

ఆ తోక చూశాక ఆవిడకు చెప్పాను: "హీట్ అయిపోలేదమ్మా. అసలు హీట్ ఇప్పుడే మొదలైంది."

ఇంట్లో హీట్ అని పిలుచుకునేదాంట్లో రెండు దశలున్నాయి. మొదటిది ప్రోఈస్ట్రస్. ఈస్ట్రోజన్ పెరుగుతూ ఉంటుంది. మానం వాచి గట్టిపడుతుంది, రక్తం కలిసిన స్రావం వస్తుంది, మాటిమాటికీ నాకుకుంటుంది, కొద్దికొద్దిగా చాలా చోట్ల మూత్రం పోస్తుంది. మగకుక్కలు వెంటపడతాయి గానీ దగ్గరికి వస్తే ఇది కూర్చుండిపోతుంది, గుర్రుమంటుంది, తిరగబడుతుంది. ఈ దశ సగటున 9 రోజులు. కొన్నిటిలో మూడు రోజులకే ముగుస్తుంది, కొన్నిటిలో మూడు వారాల దాకా సాగుతుంది. ఆ తర్వాతది ఈస్ట్రస్, అసలైన ఎద. ఈస్ట్రోజన్ దిగుతుంది, ప్రొజెస్టిరాన్ అనే ఇంకో హార్మోను ఎక్కుతుంది. స్రావం రంగు పలచబడుతుంది, వాపు మెత్తబడుతుంది, మగకుక్కను రానిస్తుంది. ఇదీ సగటున 9 రోజులే, ఇందులోనూ అంతే తేడాలు. అండాలు విడుదలయ్యేది ఇక్కడే. ఇంట్లోవాళ్ళకు కళ్ళకు కనబడే గుర్తు రక్తం కాబట్టి, అది ఆగగానే గండం గడిచిందనుకుంటారు. కుక్క మాత్రం చూడి కట్టడానికి అప్పుడే సిద్ధమవుతుంది. కొన్ని కుక్కల్లో ఈస్ట్రస్ అంతా ఎరుపు పోనే పోదు, అది వేరే సంగతి. రంగు ఒక్కటే చూసి రోజు చెప్పడం నేను ఎప్పుడో మానేశాను.

దూది పుల్లను సెలైన్‌లో తడిపి, యోని పైగోడ వెంట లోపలికి పోనిచ్చి స్వాబ్ తీశాను. నేరుగా ముందుకు తోస్తే కిందివైపు క్లిటోరిస్ ఉండే గుంటలోకి దిగుతుంది, అక్కడి కణాలు తప్పుదారి పట్టిస్తాయి. స్లైడ్ మీద దొర్లించి, రంగు వేసి, మైక్రోస్కోప్ కింద పెడితే నూటికి తొంభైకి పైగా కార్నిఫైడ్ కణాలే. పెద్దవి, పలచనివి, అంచులు మడతపడ్డవి, చాలావాటిలో కేంద్రకమే లేదు. తెల్లరక్తకణం ఒక్కటీ లేదు. ఈస్ట్రోజన్ ఉన్నంతకాలం యోని పొర మందమవుతూ పోయి, పైన రాలే కణాలు ఇలా ఎండిన ఆకుల్లా మారతాయి. మిల్లీలీటరు రక్తంలో ప్రొజెస్టిరాన్ 6.2 నానోగ్రాములు. అండం విడుదలయ్యే వేళకు ఇది సాధారణంగా 4 నుంచి 10 మధ్య ఉంటుంది. అంటే ఆ రోజో ముందు రోజో అండాలు విడుదలయ్యాయి. కుక్క అండం విడుదలైన వెంటనే పక్వంగా ఉండదు. ఇంకో రెండు మూడు రోజులు పడుతుంది. ఆ లెక్కన మిన్నికి అసలు ప్రమాదకరమైన రోజులు 13 నుంచి 15. వాళ్ళు ఆపరేషన్ అడిగింది 14వ రోజున.

ఎందుకు చేయనన్నాను

హీట్‌లో స్పే చేయకూడదన్న నియమమేమీ లేదు. వీధికుక్కల శిబిరాల్లో, షెల్టర్లలో రోజూ చేస్తారు, అది సరైన పనే. ఇవాళ చేజిక్కిన కుక్క రేపు దొరక్కపోవచ్చు, రెండు నెలల్లో పిల్లల్ని పెట్టేయొచ్చు. మిన్ని సంగతి వేరు. తనను కనిపెట్టుకుని ఉండే ఇల్లుంది, తలుపులున్నాయి, రోజులు లెక్కపెట్టే కొడుకున్నాడు. హీట్‌లో గర్భాశయం రక్తంతో నిండి ఉబ్బి ఉంటుంది, రక్తనాళాలు లావెక్కుతాయి, కణజాలం సులువుగా చిరుగుతుంది. పెద్ద జాతి కుక్కలో, కడుపులో కొవ్వు మధ్య, జారిపోయిన ఒక్క ముడి వెతకడం ఎలా ఉంటుందో చేసినవాళ్ళకు తెలుసు. అవసరం లేని చోట ఆ ముప్పు ఎందుకు నెత్తిన వేసుకోవాలి?

ఆవిడకు ఇది వెంటనే అర్థమైంది. "సరే, అయితే రక్తం, వాపు పూర్తిగా పోయాక ఒక వారం ఆగి వస్తాం" అంది. అదీ కాదని చెప్పాల్సి వచ్చింది. హీట్ తర్వాత వచ్చే డైఈస్ట్రస్ దాదాపు రెండు నెలలు నడుస్తుంది. ఆ రెండు నెలలూ కుక్క ఒంట్లో ప్రొజెస్టిరాన్ ఎక్కి దిగే తీరు చూడి కట్టినా కట్టకపోయినా ఇంచుమించు ఒకటే. ఆ మధ్యలో అండాశయాలు తీసేస్తే ప్రొజెస్టిరాన్ ఉన్నట్టుండి పడిపోతుంది. అది పడగానే పాలు తెప్పించే ప్రొలాక్టిన్ లేస్తుంది. అప్పుడు మొదలయ్యే ఉత్తుత్తి చూడి, అంటే కడుపులో పిల్లలు లేకపోయినా తల్లి అయినట్టు మసలడం, కొన్ని కుక్కల్లో వారాలు కాదు, నెలలు పట్టి పీడిస్తుంది.

ఇది పుస్తకంలో చదివి చెబుతున్నది కాదు. కొన్నేళ్ళ కింద ఒక స్పేనియల్‌కు హీట్ అయిన ఏడు వారాలకు స్పే చేశాను. ఇంటివాళ్ళు ఊరు మారుతున్నారు, తొందర పెట్టారు, నేను తేదీ ఇచ్చేశాను. ఆపరేషన్ చక్కగా జరిగింది. ఆరో రోజు నుంచి దానికి పాలు వచ్చాయి. మెత్తని బొమ్మను పిల్లలా కాపలా కాస్తూ, దగ్గరికి వచ్చిన ఇంటి పాప చేయి కరిచింది. అంతకుముందు ఎన్నడూ ఎవరినీ కరవని కుక్క. రెండుసార్లు కోర్సు మందు వేస్తే గానీ, నాలుగు నెలలు గడిస్తే గానీ అది మామూలు కాలేదు. ఆ పాప చేతికి పడ్డ కుట్లు నాకు ఇంకా గుర్తు. అప్పటి నుంచి హీట్ ముగిసి కనీసం పన్నెండు వారాలు గడవనిదే, అత్యవసరం అయితే తప్ప, నేను తేదీ ఇవ్వను.

ఇంట్లో ఏం చేయమన్నానంటే

పటకా కట్టకుండా గుమ్మం దాటించొద్దు, అది కూడా పట్టు గట్టిగా ఉండే పెద్దవాళ్ళు పట్టుకుంటేనే. పెరట్లో ఒంటరిగా ఒక్క నిమిషం కూడా వద్దు. కంచె సందులోంచి కూడా కుక్కలు జతకట్టిన కేసులు చూశాను. బయటి తలుపు తీసే ముందు లోపలి తలుపు మూయాలి. ఎప్పుడూ పిలిస్తే వచ్చే కుక్క కదా అని నమ్మొద్దు, ఈ రోజుల్లో అది మన మాట వినదు. డైపర్ నేల పాడవకుండా పనికొస్తుంది, మగకుక్కను ఆపడానికి పనికిరాదు. కట్టినా రెండు మూడు గంటలకోసారి మార్చాలి, రాత్రి విప్పి చర్మం ఆరనివ్వాలి. మిన్నికి అసలే మడత చర్మం కాబట్టి ఇది మరీ ముఖ్యం. వాసన చంపుతాయని అమ్మే స్ప్రేలు, మాత్రల మీద ఆధారపడొద్దన్నాను.

హీట్ ఆపే ఇంజక్షన్ ఉందట కదా అని కొడుకు అడిగాడు. ఉంది. ప్రొజెస్టిరాన్ జాతి మందు అది. గర్భాశయం పొరను ఉబ్బించి చీము పట్టే వ్యాధికి దారితీస్తుంది, రొమ్ము గడ్డలకూ మధుమేహానికీ కారణం కాగలదు. నాలుగు నెలల్లో అండాశయాలే తీసేయబోయే కుక్కకు దాన్ని వేసే ఆలోచనే నాకు లేదు.

రోజూ పొద్దున్నే తెల్ల టిష్యూతో తుడిచి రంగు రాయమన్నాను. తమను తాము శుభ్రంగా నాకుకునే కుక్కల్లో నేల మీద చుక్క పడకపోవచ్చు, టిష్యూ మాత్రం పట్టిస్తుంది. మానం వాపు, తోక తిప్పడం, తిండి, నీళ్ళు, ప్రవర్తన, ఇవన్నీ ఒక్కో ముక్కలో రాస్తే చాలు.

ఇన్ని చెప్పిన నేను అడగాల్సిన ఒక ప్రశ్న అడగలేదు: ఇంట్లో ఇంకో కుక్క ఉందా? మిన్ని నాకు పిల్లప్పటి నుంచి తెలిసిన కుక్క. ఆ ఇంట్లో తను ఒక్కతే అని నా లెక్క. ఆ లెక్క పాతబడింది.

13వ రోజు

మధ్యాహ్నం ఫోను. "డాక్టరుగారూ, బ్రూనో, మిన్ని అతుక్కుపోయాయి. ఎలా విడదీయాలి?"

బ్రూనో రెండేళ్ళ మగకుక్క. రెండు నెలల కిందట తెచ్చుకున్నారు. పదహారు రోజుల కిందట ఇంకో చోట వృషణాలు తీయించారు. ఆపరేషన్ అయిన మగకుక్క కదా, దానితో భయమేముందని వాళ్ళు రెండిటినీ కలిపే ఉంచారు. తప్పు వాళ్ళది కాదు, ఎవరూ చెప్పలేదు. వృషణాలు తీసేసినా అప్పటికే నాళాల్లో ఉన్న వీర్యకణాలు కొన్ని వారాల పాటు మిగిలి ఉండొచ్చు. పాత అలవాటు, కోరిక అంతకంటే ఎక్కువ కాలం ఉంటాయి.

విడదీయొద్దన్నాను. అతుక్కున్న కుక్కల్ని లాగితే మగదాని అంగానికి, ఆడదాని యోనికి గాయాలవుతాయి. నీళ్ళు చల్లడం, కొట్టడం, అరవడం ఏవీ వద్దు. మిన్ని మెడపట్టీ పట్టుకుని, కూర్చోకుండా, పక్కకు దొర్లకుండా చూసుకుంటూ నెమ్మదిగా మాట్లాడుతూ ఉండండి, చాలా జతలు అయిదు నుంచి ఇరవై నిమిషాల్లో వాటంతట అవే విడిపోతాయి, కొన్ని అరగంట దాటుతాయి అన్నాను. పన్నెండు నిమిషాలకు విడిపోయాయి. గంటలో ఇద్దరూ క్లినిక్‌లో ఉన్నారు.

గాయాలేమీ లేవు. స్వాబ్ తీసి రెండు స్లైడ్లు చూశాను. కార్నిఫైడ్ కణాలు అంతే నిండుగా ఉన్నాయి. వీర్యకణం ఒక్కటి కూడా కనబడలేదు. కనబడి ఉంటే జత ఫలించే వీలుందని తెలిసేది. కనబడకపోతే ఏమీ తేలనట్టే. ఆ మాట వాళ్ళకు అలాగే చెప్పాను.

ఏం చేయాలి? ఆవిడ చాలా భయపడింది. ఈస్ట్రోజన్ ఇంజక్షన్ వేసి గర్భం నిలవకుండా చేసే పాత పద్ధతిని నేను ముట్టను. అది ఎముక మజ్జను దెబ్బతీసి ప్రాణాంతకమైన రక్తహీనత తెస్తుంది, గర్భాశయంలో చీము పట్టే ముప్పునూ పెంచుతుంది. ప్రొజెస్టిరాన్‌ను అడ్డుకునే అగ్లెప్రిస్టోన్ దొరికే చోట అది మెరుగైన దారి. ఒక రోజు తేడాతో రెండు ఇంజక్షన్లు. కానీ ఎలాగూ స్పే చేయబోయే కుక్క ఇది, జతకట్టిన మగది వీర్యం దాదాపు ఖాళీ అయిన కుక్క. చూడి నిలిచే అవకాశం తక్కువ, నిలిస్తే పరిష్కారం ఆపరేషనే. అందుకని ముగ్గురం కూర్చుని ముందే ఒక మాట అనుకున్నాం: నెల రోజులకు స్కాన్ చేద్దాం. చూడి అయితే అప్పుడే గర్భసంచితో సహా తీసేద్దాం, డైఈస్ట్రస్ ముప్పును ఒప్పుకుని ముందుకెళ్దాం. కాకపోతే ముందు అనుకున్న తేదీనే. స్కాన్ రోజు గాబరాలో నిర్ణయం తీసుకునే కంటే ఇలా ముందే మాట్లాడుకోవడం అందరికీ నిమ్మళంగా ఉంటుంది.

బ్రూనోను ఆ రోజే వాళ్ళ బంధువుల ఇంటికి పంపించారు. ఒకే ఇంట్లో గదులు మార్చి ఉంచడం మీద నాకు నమ్మకం తక్కువ. ఎవరో ఒకరు ఒక తలుపు మర్చిపోతారు.

18వ రోజు

15వ రోజు స్లైడ్ ఇంకా అలాగే ఉంది. 18వ రోజున స్లైడ్ మొత్తం మారిపోయింది. కార్నిఫైడ్ కణాలు సగానికి పడిపోయాయి, గుండ్రటి చిన్న కణాలు వచ్చాయి, తెల్లరక్తకణాలు గుంపులుగా చేరాయి. ఒకటి రెండు రోజుల్లో ఇలా తలకిందులవడమే డైఈస్ట్రస్ మొదటి రోజు. హీట్ నిజంగా ముగిసిందని నేను రాసుకునేది ఈ రోజునే. రక్తం ఆగి అప్పటికి ఎనిమిది రోజులు. స్లైడ్ చూసే వీలు లేనివాళ్ళు మొదటి రక్తపు చుక్క నుంచి నాలుగు వారాల దాకా కాపలా సడలించకుండా ఉంటే మంచిది.

ఈ తెల్లరక్తకణాల స్లైడును విడిగా చూసినవాళ్ళు ఇన్‌ఫెక్షన్ అనుకుని యాంటీబయాటిక్ మొదలుపెట్టే వీలుంది. నేనూ మొదటి రోజుల్లో అలా పొరబడ్డాను. అందుకే ఒక్క స్లైడ్ కంటే, రెండు మూడు రోజుల తేడాతో తీసిన మూడు స్లైడ్లను పక్కపక్కన పెట్టి చూడటం నాకిష్టం.

41వ రోజు, 66వ రోజు

41వ రోజు స్కాన్‌లో గర్భాశయం ఖాళీగా ఉంది. పిండం సంచులు లేవు, చీము కూడా లేదు. అండం విడుదలై ముప్పై రోజులు కాబట్టి, పిండాలుంటే గుండె కొట్టుకోవడం కూడా కనబడాలి. ఆవిడ అక్కడే కుర్చీలో కూలబడి కళ్ళు తుడుచుకుంది. కొడుకు మళ్ళీ అదే అడిగాడు: "అయితే వచ్చే వారం చేసేద్దామా సార్? పరీక్షలకు ముందు నేను దగ్గరుండి చూసుకోవచ్చు." కుర్రాడి తాపత్రయం నాకు నచ్చింది. కానీ ప్రొజెస్టిరాన్ అప్పటికి నిండుగా ఉంది. స్పేనియల్ సంగతి చెప్పాను. ఇక వాదించలేదు.

హీట్ తర్వాత ఒకటి రెండు నెలల్లో ఏవి కనబడితే ఆగకుండా తీసుకురావాలో ఆ రోజే మళ్ళీ రాసిచ్చాను. నీళ్ళు విపరీతంగా తాగడం, మూత్రం ఎక్కువగా పోవడం, తిండి మానేయడం, వాంతులు, నీరసం, మానం నుంచి చీము లేక దుర్వాసన. గర్భాశయంలో చీము పట్టే పయోమెట్రా ఎక్కువగా వచ్చేది ఈ రోజుల్లోనే. గర్భాశయ ముఖం మూసుకుపోతే బయటికి చుక్క కూడా రాకపోవచ్చు. అలాంటి కుక్క ఇంకా ప్రమాదంలో ఉన్నట్టు. మిన్నిలాంటి చిన్న వయసు వాటిలో తక్కువే గానీ రాదని చెప్పలేం. అది వస్తే పన్నెండు వారాల లెక్క పక్కన పెట్టి ఆ రోజే ఆపరేషన్.

66వ రోజు వచ్చింది వేరే ఫోను. మిన్ని సోఫా వెనక దుప్పట్లు పోగేసి గూడు కట్టింది, చెప్పు ఒకటి ఒళ్ళో పెట్టుకుని లేవడం లేదు, తిండి సగానికి తగ్గింది. రొమ్ములు నొక్కితే తెల్లగా పాలు. ఉత్తుత్తి చూడి. ఇది రోగం కాదు, ప్రొజెస్టిరాన్ సహజంగా దిగేటప్పుడు చాలా కుక్కల్లో కనబడేదే, కొన్నిటిలో రెండు మూడు వారాల్లో దానంతట అదే పోతుంది. మిన్ని మాత్రం చెప్పు తీసుకోబోయిన ఆవిడ మీద మొదటిసారి గుర్రుమంది. అందుకే వదిలేయలేదు.

కాబర్‌గోలిన్ కిలోకు 5 మైక్రోగ్రాముల చొప్పున, రోజుకోసారి, ఏడు రోజులు, తిండితో కలిపి. ఇది ప్రొలాక్టిన్‌ను అణుస్తుంది. మొదటి రోజు ఒక వాంతి అయింది, అది ఈ మందుకు మామూలే. వాంతి ఆగడానికి ఇంట్లో ఉన్న మెటోక్లోప్రమైడ్ వేయనా అని అడిగారు, వద్దన్నాను. అది కాబర్‌గోలిన్‌కు ఎదురు పనిచేసి ప్రొలాక్టిన్‌ను పెంచుతుంది. రొమ్ములు నొక్కి పాలు తీయొద్దు, వేడి కాపడం వద్దు. తీసినకొద్దీ ఊరుతుంది. నాకుకోకుండా మెడకు కోన్ కట్టమన్నాను. చెప్పును, దుప్పట్లను ఎదురుగా లాక్కోకుండా, అది బయట నడకకు పోయినప్పుడు తీసేయమన్నాను. నడక కాస్త పెంచమన్నాను. అయిదో రోజుకు గూడు మీద ధ్యాస పోయింది, రెండు వారాలకు పాలు ఎండాయి.

పాలున్న రోజుల్లో ఆపరేషన్ చేసి ఉంటే కోత పెట్టే చోటే వాచిన పాలగ్రంథులు అడ్డొచ్చేవి. ప్రొలాక్టిన్ ఎక్కువగా ఉన్నప్పుడే అండాశయాలు తీస్తే ఆ స్థితి అలాగే నిలిచిపోయే ప్రమాదం ఉంది. నేను వాళ్ళను ఆపింది దీని కోసమేనని ఆవిడే అంది, నేను చెప్పనక్కర్లేకుండా.

115వ రోజు: ఆపరేషన్

డైఈస్ట్రస్ మొదటి రోజు నుంచి దాదాపు పద్నాలుగు వారాలు. బరువు 24.6 కిలోలు. మానం చిన్నగా, పొడిగా ఉంది, మడత మునుపటి కంటే బాగా విచ్చుకుంది, వాపు జాడ లేదు. నేను ఆగమన్న మొదటి కారణానికి ఫలితం దక్కింది. స్లైడ్‌లో చిన్న గుండ్రటి కణాలు తప్ప ఏమీ లేవు. రొమ్ములు పొడిగా ఉన్నాయి. ప్లేట్‌లెట్లు, కిడ్నీ, లివర్ పరీక్షలు మామూలు.

నొప్పి మందు మత్తుకు ముందే మొదలుపెట్టాను. నడుమ గీత వెంట కోత. గర్భాశయం కొమ్ములు రెండూ పెన్సిల్ కంటే సన్నగా, పాలిపోయి ఉన్నాయి. రక్తనాళాలు దారాల్లా ఉన్నాయి. హీట్‌లో అదే కొమ్ము చిటికెన వేలంత లావున, ఎర్రగా, తాకితే చెమ్మగిల్లేట్టు ఉంటుంది. కుడి అండాశయం ఎప్పుడూ ఎడమదాని కంటే ముందుకు, లోతుగా ఉంటుంది. దాని స్నాయువును తొందరపడి లాగకుండా వేలితో నెమ్మదిగా సాగదీసి పైకి తెచ్చాను. ఒక్కో వైపు రెండేసి ముళ్ళు. కోశాక అండాశయం మీది పొరను తెరిచి, రెండు అండాశయాలూ ముక్క మిగలకుండా పూర్తిగా బయటికొచ్చాయో లేదో చూశాను. ఇది ప్రతిసారీ చేస్తాను. చిన్న ముక్క లోపల ఉండిపోయినా నెలలకో ఏళ్ళకో కుక్క మళ్ళీ హీట్‌కు వస్తుంది, అప్పుడు ఆ ముక్కను వెతకడం మొదటి ఆపరేషన్ కంటే కష్టం. రక్తస్రావం చెప్పుకోదగ్గది ఏమీ లేదు.

సాయంత్రానికి ఇంటికి పంపాను. అయిదు రోజులు నొప్పి మందు, పది రోజులు కోన్, రెండు వారాలు పటకా మీద పొట్టి నడకలే. పదో రోజు కుట్లు తీశాను. గాయం శుభ్రంగా ఉంది, పాలు రాలేదు, ప్రవర్తనలో మార్పు లేదు. బ్రూనో అప్పటికే ఇంటికి తిరిగొచ్చాడు, కానీ దూకుళ్ళాట మాత్రం రెండు వారాలు నిండేదాకా ఆపించాను.

తిండి పావు వంతు తగ్గించమన్నాను. స్పే తర్వాత ఒంటికి శక్తి అవసరం తగ్గుతుంది, ఆకలి మాత్రం పెరుగుతుంది. లాబ్రడార్ అయితే ఇక చెప్పేదేముంది. నెలకోసారి తూకం వేయమన్నాను. మూడో నెలకు 26.1 ఉంది, అక్కడ ఇంకొంచెం తగ్గించాం. ఆరో నెలకు 25.4 దగ్గర నిలబడింది.

పెద్ద జాతి ఆడకుక్కల్లో స్పే తర్వాత కొన్నాళ్ళకో కొన్నేళ్ళకో నిద్రలో మూత్రం కారే సమస్య రావచ్చు. అది కూడా ముందే చెప్పి ఉంచాను, పరుపు మీద తడి కనబడితే తిట్టకుండా తీసుకురమ్మని. ఇప్పటిదాకా లేదు.

రెండో హీట్ రావాల్సిన రోజులు లెక్కేసి, ఆ నెలంతా మళ్ళీ టిష్యూ పరీక్ష చేయమన్నాను. కుక్కల్లో రెండు హీట్ల మధ్య సగటున ఏడు నెలలు, అయిదు నుంచి పదకొండు దాకా మారుతుంది. కొడుకు ముప్పై రోజులూ చూసి, ముప్పై రోజులూ క్యాలెండర్‌లో రాసి పంపాడు. ప్రతి రోజూ ఒకే ముక్క: తెలుపు.